తల వైపు కుర్చీ

ఆప్షన్లకి రేపు సాయంత్రం దాకే గడువు.
కొత్తపేటలో జిరాక్సు కొట్టు పక్కన నిలబడి
నిమ్మకాయ సోడా తాగుతూ
ర్యాంకు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాను,
విప్పాను, మళ్ళీ పెట్టాను.

"మత్తు తీసుకోవే" అంది హేమనళిని.
"ఓపీ ఉండదు, రౌండ్లుండవు,
కేసవ్వగానే చేతులు కడుక్కుని ఇంటికి.
ఆదివారం కూర వేడిగా తింటావు."
కూర వేడిగా తినడం చిన్న విషయమని
నేననలేను.
హౌస్ సర్జన్సీ ఏడాదంతా
పెద్దాసుపత్రి మెట్ల మీద
చల్లారిన పులిహోరే తిన్నాను.

కానీ కత్తి ఉంది.
క్యాజువాలిటీలో ఓ రాత్రి
ఆటో అద్దం కోసిన అరచేతికి
తొమ్మిది కుట్లు వేశాను.
చివరి ముడి బిగిశాక
నా వేళ్ళు నావి కానంత తేలికయ్యాయి.
వారం దాకా ఆ చేతినే కలగన్నాను.
ప్రేమంటే అదేనేమో, తెలీదు,
పోల్చుకోడానికి నా దగ్గర ఇంకోటి లేదు.

అటు ఆ తొమ్మిది కుట్లు. ఇటు నిద్ర.
నాకు నిద్రంటే ఇష్టం.
ఈ మాట పైకి అనడానికి
డాక్టర్లకి ఎందుకంత సిగ్గో!
నిద్రపోవడం కోసం
నిద్రపుచ్చే చదువు చదవడమా అని
నాకే నవ్వొచ్చింది.

అది తీరుబడి బ్రాంచని పేరు పెట్టిందెవరో గాని
తెల్లారుజామున మూడింటికి
అరండల్‌పేట తొమ్మిదో లైన్లో
పరంజ్యోతి మేడం స్కూటీ లైటుని చూసుండరు.
ఏడు నర్సింగ్ హోములు, ఒక్క సంచి.
డిక్కీలో లారింగోస్కోపు పక్కనే
మనవడి ఎక్కాల పుస్తకం.
ఏ బోర్డు మీదా ఆమె పేరు లేదు.

ఆ రోజు కేసు మిర్చి యార్డు హమాలీ, పున్నయ్య.
వేలికి క్లిప్పు పెడితే
గోటి సందుల్లో ఇంకా ఎర్రదనం.
ముప్ఫై ఏళ్ళ ఘాటు ఊపిరితిత్తుల్లో.
"నాది మొద్దు నిద్రమ్మా,
బస్తా మీద పడ్డా లేవను.
లేపుతారు గదా?"
మేడం ఏ మాటా ఇవ్వలేదు.
పిల్లల పేర్లు అడిగింది.
మూడో పేరు సగంలో ఆగింది.
అప్పుడామె
ఎవరినో గడ్డం పట్టుకుని బతిమాలినట్టు
రెండు చేతులా అతని గడ్డం ఎత్తి పట్టుకుంది.
తెరకి అవతల కత్తి, దీపాలు, క్రికెట్ కబుర్లు.
ఇవతల, తల వైపు కుర్చీలో,
ఒక ఊపిరికి ఇంకో ఊపిరి కాపలా.

లేచాక పున్నయ్య సర్జన్ గారికి దణ్ణం పెట్టాడు.
"ఈవిడెవరు?" అన్నాడు మమ్మల్ని.
"మూడోదాని పేరు పూర్తి చెయ్యలేదు నువ్వు"
అంది మేడం, సిరంజిలు ఏరుకుంటూ.
"నాగరత్తమ్మ" అన్నాడు,
ఎందుకడిగిందో తెలీకుండానే.

మా నాన్న ఆర్టీసీలో
హైదరాబాదు నైట్ సర్వీసు తోలేవాడు.
"మత్తు డాక్టరంటే ఏం చేస్తారే?" అని
పప్పులో నెయ్యి వేసుకుంటూ అడిగాడు.
చెప్పాను.
కాసేపు నమిలి,
"వెనక నలభై మంది గురక.
అది వినపడుతున్నంతసేపూ నాకు ధైర్యం.
పొద్దున దిగేటప్పుడు
ఒక్కడూ నా మొహం చూసేవాడు కాదు.
చూడకపోతేనే మంచిదిలే,
చూశారంటే దారిలో ఏదో అయినట్టు" అన్నాడు.
జీతమెంతిస్తారని అడిగాడు తర్వాత.

రాత్రి పదకొండుకి లాప్‌టాప్‌లో
పైకీ కిందకీ బాణం గుర్తులు.
మత్తుని ఒకటో వరసకి జరిపాను.
సర్జరీని చెరపలేదు,
దాని కిందే ఉంది, అలిగి.
ఎందుకో రాయమని ఆ ఫారంలో గడి లేదు.
ఉంటే
వేడి కూర గురించి రాసేదాన్నో
నాగరత్తమ్మ గురించో.

పక్కగదిలో నాన్న గురక
ఉన్నట్టుండి ఆగింది.
లెక్కపెట్టాను. ఏడు. ఎనిమిది.
తొమ్మిదికి లేచి వెళ్ళి
చీకట్లో తడుముకుని
గడ్డం కింద చెయ్యి పెట్టి ఎత్తాను.

బస్సు మళ్ళీ కదిలింది.