జేబులో ఏముంది

గ్రిమ్స్‌బీలో సోమవారం, మొదటి పీరియడ్.
హంబర్ మీంచి వచ్చిన పొగమంచు
కిటికీలకు ముఖం ఆనించి
మాతోపాటే పాఠం వింటోంది.

"అది చాలా అందమైన రోజు" అని
బోర్డు మీద రాసి అడిగాను:
ఈ వాక్యంలో ఎవరైనా ఉన్నారా?
తలుపు తట్టి చూశారు. ఎవరూ లేరన్నారు.
మెయ్‌సీ ఆగలేక
"అత్యంత అద్భుతమైన" అని చేర్చింది.
ఖాళీ ఇంటికి సున్నం కొట్టినట్టయింది.

సరే, అందం సంగతి వదిలేయండి.
ఆ రోజు మీ జేబులో ఏముందో చెప్పండి.
సగం కొరికిన రబ్బరు,
తడిసి ఆరిన బస్సు టికెట్టు,
చెల్లెలి పాలపన్ను.
పాలపన్ను దగ్గర క్లాసంతా వెనక్కి తిరిగింది.
చూశారా, అన్నాను
కేసు గెలిచిన ప్లీడరులా.

డెక్లన్ ఒక్కడే
పెన్ను మూత నములుతూ కూర్చున్నాడు.
వాడి కాగితం మీద ఇంతే:
"మా తాత చేపల రేవులో పనిచేసేవాడు. మంచోడు."
మంచోడు కింద ఎర్రగీత గీశాను.
ఎలా?

మర్నాడు రెండు పేజీలు తెచ్చాడు.
తెల్లారకముందే మొదలయ్యే వేలంపాట,
హాడక్ పొట్ట చీల్చే కత్తి పిడికి
చుట్టిన నీలం టేపు,
వ్యాను స్టీరింగు దాకా పాకిన పొగగదుల వాసన.
తాత టీలో నాలుగు చెంచాల చక్కెర,
కలిపేవాడు కాదట.
అడుగున మిగిలిన తీపి
మనవడి వాటా.

నాకు నోరూరింది, కళ్ళూ ఊరాయి.

ఆస్పత్రి తలుపు దాకా వచ్చి
కథ పొట్టిదైపోయింది.
"లోపలికి వెళ్ళాం. వచ్చేశాం."
మంచం లేదు. చెయ్యి లేదు.
గోడకి రంగైనా లేదు.
అలవాటు చొప్పున ఎర్రపెన్ను లేచింది:
ఇక్కడ ఇంకాస్త వివ—

"అన్నీ గుర్తున్నాయి మిస్"
నన్ను చూడకుండా అన్నాడు.
"రాయలేదు. అంతే."

ఇరవై రెండేళ్ళుగా
బియ్యంలో రాళ్ళు ఏరినట్టు
'చాలా'లూ 'అందమైన'లూ ఏరిపారేయడం నేర్పుతున్నాను.
గుప్పిట తెరవమని
ఎన్ని వందల మందిని అడిగానో.
మూసి ఉంచడం
వీడికెవరు నేర్పారు?

సగంలో ఆగిన నా మాటని కొట్టేశాను.
ఆ రెండు వాక్యాల పక్కన చిన్న టిక్కు పెట్టాను.
అదీ ఎక్కువే అనిపించింది,
కానీ సిరా ఆరిపోయింది.

బెల్లు మోగింది.
కుర్చీలు బల్లల మీదికెక్కాయి.
వాడు కూర్చున్న చోట నేల మీద
పంటిగాట్లు పడ్డ పెన్ను మూత.
తీసి
కోటు జేబులో వేసుకున్నాను.