చెల్లిన ఓటు

మలక్‌పేట గంజిలో ఉల్లిగడ్డల లారీలు దిగుతున్న ఆదివారం.
బడి హాల్లో బల్లలన్నీ గోడకు జరిపి
ఒక్కటి మాత్రం తెర వెనక ఉంచారు.
దాని మీద పలక, పొడిచే సూది, మందపాటి కాగితాలు.
ఇవాళ దేశమంతటా ఇదే పని మాకు.
కటక్‌లో, నాగపూర్‌లో, గౌహతిలో
సమాఖ్య సభ్యులు వరసలో నిలబడి
ముందువాడి చొక్కా అంచు తాకుతూ జరుగుతుంటారు.

సర్కారు ఎలక్షన్లకి నాకు తోడు మా బావమరిది.
నా వేలు పట్టుకుని తనే నొక్కేవాడు.
కుయ్యిమనేది మిషను.
"ఎవరికేశావురా?" అంటే
"నువ్వు చెప్పినోడికే బావా."
ముప్పై ఏళ్ళు అతని మాటే నా ఓటు.

ఇక్కడ తోడుండదు.
బ్రెయిలీని కుడి నుంచి ఎడమకు పొడుస్తాం,
మెహజబీన్ వాళ్ళింటి ఉర్దూలాగా.
కాగితం తిప్పి ఎడమ నుంచి కుడికి చదువుతాం,
మా ఇంటి తెలుగులాగా.
ఒకటి అంటే ఆశన్న.
రెండు అంటే గౌహతి నుంచి లఖిమి బరువా.
ఒకటికీ రెండుకీ తేడా ఒక్క చుక్క.

ఆశన్న మావాడు.
కాచిగూడలో నలభై ఏళ్ళు కుర్చీలకు కేన్ అల్లిన చేతులు.
నిలబడనని మొత్తుకున్నా వినకుండా
"మన హైదరాబాదోడు ఢిల్లీలో కూర్చోవాలె" అని
మేమే నామినేషన్ వేయించాం.
ఆమె ఫోన్ స్పీకర్లో పావుగంట మాట్లాడింది ఒకసారి,
రైలు దిగే మెట్ల గురించి, పింఛను కాగితాల గురించి.
పేరు విని "బరువా, తేలికా?" అని నవ్వాం అందరం.
ఆశన్న నవ్వాడో లేదో గుర్తులేదు.

నాలుగింటికి పెట్టె తెరిచాం.
లెక్కించేవాళ్ళం ఇద్దరం, నేనూ మెహజబీనూ.
నేను చదివి ఆమెకిస్తే
ఆమె మళ్ళీ చదివి కట్టలో పెట్టాలి.

చుక్కలకి గొంతులుంటాయని చూపున్నవాళ్ళకి తెలీదు.
టీచరమ్మ చుక్కలు బియ్యపు గింజల్లా సమంగా.
బ్యాంకు సుదర్శనానివి తొందర తొందరగా, సగం అరిగినట్టు.
కొత్త పిల్లలవి భయపడుతూ.
నేను వినకూడదనుకుంటాను. వేళ్ళు వింటాయి.

నలభయ్యో, నలభై ఒకటో కాగితం.
రెండు చుక్కలూ కాగితాన్ని చీల్చుకుని బయటికొచ్చాయి.
అలా పొడిచే చెయ్యి
ఈ ఊళ్ళో ఒక్కటే ఉంది.

రెండు.
మళ్ళీ తడిమాను.
రెండే.

మనిషిని పట్టించే గుర్తుంటే ఓటు చెల్లదని మా నియమావళి.
సంతకం గుర్తు. పేరు గుర్తు.
గట్టిగా నొక్కడం గుర్తేనా?
నలభై ఏళ్ళ కేన్ పని గుర్తేనా?
ఆ పేజీలో ఏమీ రాసిలేదు.
మెట్రో ఒకటి పైన వెళ్ళిపోయిందాకా
ఆ కాగితాన్ని అలాగే పట్టుకున్నాను.

"రెండు," అన్నాను.
మెహజబీన్ తీసుకుంది.
ఆమె వేలు కూడా అక్కడ ఆగింది.
కాగితం చప్పుడు ఆగిపోతే తెలుస్తుంది కదా.
తర్వాత గొంతు సవరించుకుని
"రెండు," అంది.

మా శాఖలో ఆశన్నకి యాభై ఎనిమిది, ఆమెకి పందొమ్మిది, చెల్లనివి మూడు.
చప్పట్లు, దండ, సమోసాలు.
ఏడున్నరకి నాగపూర్ నుంచి ఫోన్.
దేశం మొత్తం మీద ఆమే గెలిచింది.
పెద్ద తేడానే.
ఆ ఒక్క కాగితం ఎటు పడ్డా మారేదేం లేదు.

అందరూ ఉస్సూరుమన్నారు.
"మంచిదే లే," అన్నాడు ఆశన్న,
దండ తీసి పక్క కుర్చీకి తగిలిస్తూ.
ఆ కుర్చీ అల్లిక వదులైందేమోనని
ఓసారి నొక్కి చూసినట్టున్నాడు, కిర్రుమంది.

మెట్లు దిగేటప్పుడు ఎప్పటిలాగే
నా భుజం మీద చెయ్యేశాడు.
అదే బరువు.
నేనేమీ అడగలేదు.
"ఎన్ని మెట్లు?" అన్నాడు, తెలిసే.
"పద్నాలుగు," అన్నాను.