ఏడు నిమిషాల పద్దు

వెలుతురుకి పద్దు రాయడం నా ఉద్యోగం.
జమ వైపు గీత గీసి ఉంటుంది, అంతే.
ఇరవై రెండేళ్లుగా ఆ వైపు ఒక్క అంకె పడలేదు.
తగిలిన వెలుతురు తగిలినట్టే,
ఎన్నాళ్లు చీకట్లో పడుకోబెట్టినా
పోయిన రంగు తిరిగి రాదు.

పొతోసీ. నాలుగు వేల మీటర్ల ఎత్తు.
గాలి ఇక్కడ తేట మజ్జిగంత పల్చన.
ఎండ కాల్చదు, కోస్తుంది.
నీడలో నిలబడితే చెవులు జివ్వుమంటాయి,
రెండడుగులు జరిగితే ముక్కు మీద తోలు లేస్తుంది.

మంగళవారం పొద్దున, తలుపులు తీయకముందు
మీటరు పట్టుకుని మూడు గదులూ తిరుగుతాను.
చొక్కా గుండీ అంత తెల్లటి కన్ను దానికి.
గుడ్డ ఎటు చూస్తోందో ఆ కన్నునీ అటే తిప్పుతాను,
గుడ్డకి తగిలిందే లెక్క,
నాకు కనపడింది కాదు.
యాభై లక్స్ దాటకూడదు.
దాని పక్కన ఇంకో అంకె, అసలు కనపడనిదానిది:
అతినీలలోహితం.
పేరు చూస్తే మహారాజు, పని చూస్తే చెదపురుగు.

అద్దాల పెట్టె మూలన ఒక అట్ట,
దానిమీద ఎనిమిది నీలం ఉన్ని పట్టీలు,
సగం రేకు కింద, సగం బయట.
మొదటి పట్టీ అందరికన్నా ముందు వెలవాలి.
అందుకే దాన్ని తయారుచేశారు.
దాన్ని చూడ్డానికి టికెట్టు కొన్నవాళ్లు లేరు.

జూన్‌లో నాలుగో కిటికీ దగ్గర అంకె ఎగిరింది.
బ్యాటరీ మార్చి మళ్లీ తీశాను. మళ్లీ అంతే.
గాజుకి అంటించిన పొర పన్నెండేళ్లది, లోపల ఎప్పుడో చచ్చిపోయింది.
"కంటికి బాగానే ఉందిగా" అన్నాడు డైరెక్టరు ఫౌస్తినో.
కంటికి ఎప్పుడూ బాగానే ఉంటుంది.
కొత్త పొర లా పాజ్ నుంచి రావాలట.
నల్ల దుప్పటి కట్టాను. దుప్పటి మా ఇంటిది, మేకులూ నావే.

ఆ గురువారమే వచ్చింది సతుర్నినా కోల్కే,
రెండు బస్సులు మారి, టోపీ చేత్తో పట్టుకుని.
పద్నాలుగో నంబరు ముందు చాలాసేపు నిలబడి
కెచువాలో అడిగింది:
"మా అమ్మని ఇంత చీకట్లో పెట్టారేం?
ఏం తప్పు చేసింది?"

పద్నాలుగో నంబరు: భుజాన కప్పుకునే గుడ్డ, ఎరుపు,
నేసినవారు తెలియదు.
అని నేనే రాశాను, నా చేతిరాతే.

అద్దం తీశాను. తొడుగులు ఇచ్చాను,
ఆమె వేలికి అవి ఎక్కలేదు.
అంచు మడతని గోటితో కొంచెం విప్పింది,
ఎండ ఎన్నడూ చేరని చోటు,
పిల్లకి చెవి వెనక మురికి చూసే తల్లిలా.
అక్కడుంది.
నాగజెముడు పురుగుల్ని నూరి తీసిన ఎరుపు,
అప్పుడే గీరుకుపోయిన మోకాలంత ఎరుపు.
బయటి ఎరుపు దాని ముందు
ఎవరో చెప్పగా విన్న మాటలా ఉంది.

"కిటికీ" అంది. అడగలేదు, అంది.

మేకులు పీకాను.
మీటరు జేబులో ఉంది, తీయలేదు.
ఆమె గుడ్డని చూసింది,
నేను ఆమె బుగ్గల్ని చూశాను: డెబ్బై ఎనిమిదేళ్ల ఎండ,
ఎవరూ తెర కట్టనిది, ఎవరూ కొలవనిది.
తల్లి పేరు చెప్పింది. ఎవారిస్తా.
రెండోసారి అక్షరం అక్షరం విడదీసి చెప్పింది,
నేను రాసుకోవాలని.

సాయంత్రం పుస్తకం తెరిచాను.
నాలుగో కిటికీ, తెర తీసి ఉంచినది: ఏడు నిమిషాలు.
అనుమతి: లేదు.
కారణం అన్న గడిలో చాలాసేపు పెన్ను ఆగింది.
రాశాను: కూతురు వచ్చింది.

ఆ గడి పక్కనే జమ గడి.
అందులో ఏమీ రాయలేదు. రాయకూడదు.
కానీ మంగళవారం దాకా ఎందుకని
మర్నాడే వెళ్లి పద్నాలుగో నంబరు చీటీ మార్చాను,
టార్చి వేసుకోకుండా, తడుముకుంటూ.