తూకం చీటీ వెనక

మూడో భాగం రాత్రి రెండింటికి అయిపోయింది.
ఏడుకల్లా ఆదోని పత్తి యార్డులో కాంటా దగ్గరుండాల.
నిద్ర రాలేదు. తూకం చీటీ వెనక రాసుకుంటా పోయినా,
ఆరుకే ఉగ్గాణి అంగట్లో మావాళ్లు ఎదురు చూస్తాంటారు:
చదవాల్నా, దుడ్లు దండగా, నేను తేల్చి చెప్పాల.

మొదటి మాట నదుల గురించి.
ఈ రచయిత పటంలో పద్నాలుగు నదులు గీసినాడు,
ఒక్కటీ ఎండదు.
యుద్ధం పదేండ్లు, కరువు ఒక్క పేరా.
పదివేల గుర్రాలు ఎడారి దాటినాయంట,
చెలమలు ఎవరు తవ్వినారో, నీళ్లు ఎవరు చేదినారో
ఆరొందల పేజీల్లో యాడా లేదు.
గుర్రం మాయదైనా దాని దప్పి మాయది కాదు గదా.
మంత్రమేసి వాన కురిపించే ముసలామె ఉంది, మంచిదే,
ఆమెను ఒకసారి మా ఆలూరు దిక్కు పంపండి,
తర్వాత మాట్లాడదాం.

దస్తగిరి లారీ షెడ్డు నుంచి గ్రీజు చేతుల్తోనే వస్తాడు.
డ్రాగన్ను ఏమన్నా అంటే ఒప్పుకోడు.
"కొండ మీద నుంచి రెక్కలు మడిచి దిగే తీరు చదివినావా,
గేరు తగ్గించి ఘాట్ దిగినట్టే లేదూ?"
ఉంది. ఆ పేజీకి ఐదు మార్కులు పైన కలిపినా.

సుంకన్నకు రాజులంటే విసుగు.
"ప్రతి గొర్రెల కాపరీ కడాకు రాజుగారి కొడుకే అవుతాడేంది?
గొర్రెల కాపరిగానే ఉండి లోకాన్ని కాపాడితే
ఎవురి సొమ్ము పోతాది?"
వాళ్ల నాయన పెద్దతుంబళం పక్కన గొర్రెలు మేపుతాడు.
ఆ మాట ఉన్నదున్నట్టు రాసినా, వాని పేరు పెట్టి.

ఈరమ్మ జిన్నింగు మిల్లు రాత్రి డ్యూటీ దిగి వస్తుంది,
తలంతా దూది.
వేలు పెట్టుకుని ఒక్కో వరసా చదువుతుంది,
మాకంటే ఎప్పుడూ వెనకే, అందుకే ఆమెది ఒకటే షరతు:
"కథ చెప్పొద్దు. ఎవరు చచ్చేదీ చెప్పినావంటే
నీ ప్లేట్లో బజ్జీ నాది."
ఇప్పటికి ఏడు బజ్జీలు పోగొట్టుకున్నా.

ఈసారి ఆ షరతే నాకు అక్కరకొచ్చింది.

పందొమ్మిదో అధ్యాయంలో ఒక సంత ఉంది.
నీడలు కుదవ పెట్టుకుంటారక్కడ.
పంట పోయినోళ్లు ఎండలో వరసగా నిలబడి
తమ నీడ విప్పి కాంటా మీద పెడతారు.
కాంటా ఆయప్ప తల ఎత్తడు.
"తడి ఉంది, మట్టి ఉంది" అని
క్వింటాలుకు రెండు కిలోలు తరుగు రాస్తాడు.
అప్పు తీరినాక నీడ తిరిగిస్తారు,
తరుగు ఇయ్యరు.
ఒకాయన ఇల్లు చేరేసరికి
గోడ మీది నీడకు కుడిచెయ్యి లేదు.
దీపం ముందర కూతురు అడుగుతుంది...
ఏమడిగిందో చెప్పను. షరతు షరతే.

ఈ మనిషికి నది తెలీదు, గుర్రం తెలీదు,
తరుగు ఎట్లా తెలిసింది?
ఏ యార్డులో నిలబడినాడు, ఎవరి బోరెం మోసినాడు?
పుస్తకం మూసి చానాసేపు
నా చెయ్యే చూసుకుంటా కూర్చున్నా.
పదకొండేండ్లుగా రాస్తాండే చెయ్యి.

చీటీలో మాత్రం ఇంతే పెట్టినా:
"పందొమ్మిదో అధ్యాయం నిదానంగా చదవండి."
మార్కులు వందకు డెబ్బై ఒకటి.

ఈరమ్మ చీటీని వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పింది.
"ఈడ ఏందో రాసి కొట్టేసినావే?"
"తరుగు" అన్నా.
దస్తగిరి నవ్వినాడు, బజ్జీ అందుకున్నాడు.
ఆమె ఇంకా పన్నెండో అధ్యాయంలోనే ఉంది,
ఆ వేలు ఆడికి చేరేదానికి ఇంకో వారం.

యార్డు గేటు దగ్గర మొదటి బండి హారను కొడతాంది.
పొద్దు అప్పుడే లేచింది,
బోరాల నీడలు బారుగా
కాంటా దాకా.