గీతలు

డులూత్‌లో జనవరి. సరస్సు కూడా రాయైపోయింది.
రింకు పక్కన చెక్క బల్ల మీద
గోలు మీదికొచ్చిన ప్రతి పక్‌కీ
ఒక గీత గీయడం నా పని.

నిరుడు కైసా లెహ్టినెన్ ముందు
మార్గిట్ ఉండేది, పొడుగాటి ఇంకో పిల్లా ఉండేది.
రాత్రికి పదకొండు గీతలు. గోల్స్ సున్నా.
పేపర్లో కైసా ఫొటో.

ఈ ఏడు వాళ్లిద్దరూ లేరు.
నిన్న యాభై రెండు. నాలుగు లోపలికెళ్లాయి.
"పిల్లలో పస తగ్గింది,"
వేరుశనక్కాయ ఒలుస్తూ అన్నారెవరో వెనకనించి.

మిగతా నలభై ఎనిమిదికీ
నా పెన్సిలు మొన రెండుసార్లు విరిగింది.

అలాగని నిరుటి సున్నా ఆమెదేనా?
మార్గిట్ నిజంగానే మోకాలడ్డింది;
ఆ కమిలిన చోటుకి నా కాగితంలో గడి లేదు.
"ఎడమకి! ఎడమకి!" అని
మాస్కులోంచి కైసా అరిస్తేనే కదా
మార్గిట్ జరిగిందీ?
అరుపుకీ గడి లేదు.

అందరూ వెళ్లాక
కైసా ఒక్కతే వంగి
రెండు ఇనప స్తంభాల్నీ కర్రతో మెల్లగా తట్టింది.
నిన్న మూడుసార్లు కాపాడాయవి.

స్తంభానికి తగిలినదాన్ని
గీయకూడదని రూలు.