గురువారం నాటి కాగితం

పొగమంచు పది దాటితే గాని లేవదు వాల్విస్ బేలో.
లేబర్ ఆఫీసు మెట్ల మీద
తెల్ల రబ్బరు బూట్లతోనే కూర్చుని ఉంది రౌనా షిపాంగా.
పని పోయి ఏడు నెలలు.
ఇంకా అవే బూట్లా అని నేను అడగలేదు.
దుబాసీని. అడగడం నా పని కాదు.
ఒకరి నోట్లోంచి మాట తీసి
ఇంకొకరి చెవిలో వెయ్యడమే,
దారిలో ఉప్పు పడకుండా.

లోపల పొడుగు బల్ల.
ఈ పక్క ఆమె, యూనియన్ మనిషి అపొలోస్.
ఆ పక్క ఫెన్స్కే, చేపల కంపెనీ మేనేజరు,
అతని లాయరు, లాయరు గారి కాగితాల బొత్తి.
చివర్న ఆర్బిట్రేటరు గావసెస్ అమ్మ,
కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని వినే మనిషి.

అభియోగం రెండు ముక్కల్లో అయిపోతుంది.
చల్లగది తలుపు నలభై నిమిషాలు బార్లా తెరిచి ఉంది.
పదకొండు టన్నుల హేక్ చేప మెత్తబడింది.
లాయరు ఫొటోలు పరిచాడు.
కరిగిన మంచులో చేపల కళ్ళు
గదిలో అందరినీ ఒక్కలాగే చూశాయి.

"తలుపు తీసి వదిలేసింది నువ్వేనా?"
ఒషివాంబోలోకి తిప్పాను.
"నేనే" అంది.
అపొలోస్ చేతిలోంచి పెన్ను జారి బల్ల కిందికి దొర్లింది.

నేనే, అంది మళ్ళీ, ఎవరూ అడక్కుండానే.
చేతి తొడుగులు చిరిగిపోయాయి.
కొత్తవి కావాలని మూడుసార్లు చెప్పాను.
వేళ్ళు నావి కాకుండా పోయాయి.
కెటిల్ దగ్గర కాచుకుందామని వెళ్ళాను.
వేళ్ళు తిరిగొచ్చాయి,
తలుపు గుర్తుకు రాలేదు.

"మరి ఇదంతా కంపెనీ విచారణలో ఎందుకు చెప్పలేదు?"

అప్పుడు నా వైపు చూసింది. లాయరు వైపు కాదు.
"ఎవరడిగారు?
పిలిచారు. నిలబడమన్నారు. వాళ్ళ భాషలో ఏదో చదివారు.
ఇక్కడ సంతకం అని వేలు పెట్టి చూపించారు.
గోడ మీద గడియారం ఉంది.
నాలుగు నిమిషాలు."

పన్నెండేళ్ళ నౌకరీ.

గావసెస్ అమ్మ కళ్ళజోడు దించుకుంది.
"మిస్టర్ ఫెన్స్కే, విచారణ ఏ రోజు జరిగింది?"
"పద్నాలుగు. శుక్రవారం."
"తొలగింపు ఉత్తరం మీద తేదీ చదవండి."
చదవడానికి అతనికి చాలాసేపు పట్టింది.
"పదమూడు."

ఏసీ గొంతు సవరించుకుంది.
"ముందే టైపు చేయించి పెట్టుకున్నాం, అంతే.
విచారణ ఉట్టి ఫార్మాలిటీ" అన్నాడు.

ఫార్మాలిటీ.
మా భాషలో ఆ మాట లేదు.
రెండు క్షణాలు వెతికాను.
అందరూ నా నోరే చూస్తున్నారు.
"నువ్వు రాకముందే మూసేసిన తలుపు అంటున్నాడు" అని చెప్పాను రౌనాకి.

ఇరవయ్యేళ్ళలో ఆ ఒక్కసారే
దారిలో ఉప్పు పడింది.

తీర్పు మూడు వారాలకి వచ్చింది.
మెట్ల మీదే కూర్చుని చదివి వినిపించాను.
తప్పు జరిగిన మాట నిజం.
ఆ తప్పుకి ఇంత శిక్షా అనేది అడగాల్సిన ప్రశ్న.
అడగకుండానే జవాబు రాసేశారు.
అయిదు నెలల జీతం ఇవ్వాలి. ఉద్యోగం మాత్రం తిరిగి లేదు.

"అయితే తప్పు నాదా, వాళ్ళదా?"
రెండూ, అన్నాను.
వేళ్ళు మడిచి ఏదో లెక్క వేసుకుంది,
అద్దె అయ్యుంటుంది, లేదా బడి ఫీజు.
అందులో నెలలు ఎన్ని మిగిలాయో నాకు చెప్పలేదు.
విచారణ కరువైన చోట మనిషికి మిగిలేది విచారమే అనుకున్నాను గానీ
ఆమె మొహంలో అదేమీ కనిపించలేదు.

లేచేటప్పుడు నోరు జారి అడిగేశాను.
బూట్లు కంపెనీవి కదా, తిరిగి ఇవ్వాలేమో?

మడమల ఇసుక మెట్టు అంచుకేసి దులిపింది.
"ఇచ్చేస్తాను.
అడగాలి కదా, ముందు."