గీత కింద చుక్క

వేవిళ్ళంటే పుల్లమామిడి ముచ్చటనుకునేరు.
లోఫోటెన్ తీరాన, మార్చిలో,
కొయ్యదడుల మీద కాడ్ చేపలు ఆరుతుంటాయి.
గాలి ఇటు తిరిగితే చాలు,
తూరిడ్ బకెట్ తడుముకుంటుంది.

మంచినీళ్ళకీ వాసనుంటుందని
ఎయ్‌వింద్‌కి ఇప్పుడే తెలిసింది.
పడవ దిగి, కొట్టంలోనే బట్టలు విప్పి,
మూడుసార్లు సబ్బు రుద్దుకుని వస్తాడు.
అయినా గుమ్మం దగ్గరే ఆగమంటుంది.

ఏడు కిలోలు పోయాయి.
దారం చుట్టినా ఉంగరం నిలవట్లేదు.

మంత్రసాని గున్‌వోర్ పొట్ట కొలిచి
కాగితం మీద చుక్క పెట్టింది.
గీత కిందే. కానీ
పోయిన నెల చుక్క కన్నా పైన.

"ఏం తిని పెరుగుతున్నావే తల్లీ?"
అడగబోయి తూరిడ్
తన ముంజేతి ఎముక చూసుకుంది.

ఆ రాత్రి ఉడికిన బంగాళాదుంప, సగం,
లోపలే ఉండిపోయింది.
దీపం ఆర్పకుండా ఎయ్‌వింద్
గడియారం చూస్తూ కూర్చున్నాడు.